పనిపిల్లలు రాసుకున్న పన్నెండు హక్కులు: ఆఫ్రికా శ్రామిక బాలల సంఘాలపై ఒక కేస్ స్టడీ

బాలల హక్కుల రంగంలో తెలుగు జిల్లాల్లో పనిచేసే మాలాంటి వారందరికీ ఒక సూత్రం నరనరానా జీర్ణించుకుపోయి ఉంటుంది: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే. 1990ల తొలినాళ్లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పనిలోంచి వచ్చిన సూత్రమిది. తేలిక పని, ప్రమాదం లేని పని అనే తేడాలను అది ఒప్పుకోదు. గొర్రెలు కాసినా, చెల్లెలిని చంకనేసుకుని ఇంటిపట్టున ఉండిపోయినా, పత్తి విత్తనాల చేలో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి వెళ్లినా లెక్క ఒకటే. నేను పని నేర్చుకున్నది ఈ ఆలోచన నీడలోనే. ఇప్పటికీ దానికే కట్టుబడి ఉన్నాను.

ఈ కేసును ఎంచుకోవడానికి కారణం కూడా అదే. పని మాన్పించిన పిల్లలను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి స్కూళ్లు మన దగ్గర నడుస్తున్న ఆ రోజుల్లోనే పశ్చిమ ఆఫ్రికాలో పనిచేసే పిల్లలు సంఘాలు పెట్టుకున్నారు. మమ్మల్ని పని మాన్పించండి అని వారు అడగలేదు. మేం పని చేస్తున్నాం కనుక మాకు ఈ హక్కులు కావాలి అన్నారు. మన శిక్షణ తరగతుల్లో ఈ ఉద్యమం ప్రస్తావన వస్తే 'బాలకార్మికతను సమర్థించేవాళ్లు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాళ్ల ప్రకటనలు చదివితే ఆ మాట నిలవదు. అలాగని ఆ ఉద్యమాన్ని నెత్తిన పెట్టుకోవలసిన పనీ లేదు.

డాకర్‌కు వచ్చిన అమ్మాయిలు

సెనెగల్ రాజధాని డాకర్‌కు ఆగ్నేయాన సీన్-సలూమ్ ప్రాంతం ఉంది. సెరేర్ ప్రజలు ఎక్కువగా ఉండే మెట్ట నేల. సజ్జ, వేరుశనగ ప్రధాన పంటలు. వాన జూన్ నుంచి అక్టోబరు వరకే. మిగిలిన నెలలన్నీ ఎండు కాలం. అనంతపురం వైపు రైతుకు ఈ బతుకు గురించి వేరే వివరించనక్కర్లేదు. కోతలయ్యాక అమ్మాయిలు డాకర్ వెళ్లి ఇళ్లలో పనిచేసి, పెళ్లి సామాన్లకు నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తొలకరికల్లా ఊరికి తిరిగి రావడం అక్కడ పాత అలవాటు. 1970, 80 దశకాల కరువులు, వేరుశనగ సాగు దెబ్బతినడం ఆ అలవాటును మార్చేశాయి. ఏడాదిలో కొన్ని నెలలకే పరిమితమైన వలస ఏడాది పొడుగునా సాగింది. వెళ్లేవారి వయసు తగ్గుతూ వచ్చింది. డాకర్ వీధుల్లో మాట్లాడే వోలోఫ్ భాషలో ఈ ఇంటిపని అమ్మాయిలను 'ఎంబిందాన్' అంటారు.

వీరి జీవితంలో ఒక విషయం సంఘ నిర్మాణం చేసేవారందరూ గమనించదగ్గది. ఒకే ఊరి నుంచి వచ్చిన అమ్మాయిలు నగరంలో కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటారు. అద్దె తలా కొంత వేసుకుంటారు. పని దొరకని పిల్లకూ, పని పోయిన పిల్లకూ, సెలవు దొరికిన పిల్లకూ ఆ గదే ఇల్లు. ఊరి నుంచి కొత్తగా దిగిన పిల్ల మొదట చేరేది అక్కడికే. ఏ ఇంట్లో యజమానురాలు జీతం ఎగ్గొడుతుంది, ఏ ఇంట్లో మగవాళ్లతో జాగ్రత్తగా ఉండాలి అన్న సమాచారం చేతులు మారేదీ అక్కడే. అంటే, బయటి సంస్థ ఏదీ రాకముందే అక్కడ ఒక అల్లిక ఉంది.

డాకర్‌లో 1972లో పుట్టిన ఎండా అనే సంస్థకు చెందిన యువజన బృందం 1980ల నుంచి వీధి పిల్లలు, మెకానిక్ షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్లు, ఇంటిపని అమ్మాయిల మధ్య పనిచేస్తూ వచ్చింది. ఆ కార్యకర్తలు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఉన్న అల్లికను చెదరగొట్టి కొత్త కమిటీలు వేయకుండా దాని మీదే కట్టుకుంటూ పోవడం. సాయంత్రం అక్షరాలు నేర్పే తరగతులు వచ్చాయి, వాటితో పాటు మాటలు వచ్చాయి.

1994 జనవరిలో పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలు వాడే సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను ఫ్రెంచి ఫ్రాంకుతో పోల్చి ఒక్కసారిగా సగానికి తగ్గించారు. సెనెగల్ తినేది ఎక్కువగా దిగుమతి బియ్యం. ధరలు భగ్గుమన్నాయి. పనిపిల్లను పెట్టుకునే డాకర్ ఇల్లు కూడా మరీ సంపన్నమైనదేమీ కాదు, చిన్న ఉద్యోగి ఇల్లే. అలాంటి ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే మొదట కోత పడేది ఎక్కడో మనకు తెలుసు. ఆ ఏడాది మే 1న డాకర్ కార్మిక సంఘాల ఊరేగింపులో ఇంటిపని అమ్మాయిలు కూడా నడిచారు. మేమూ కార్మికులమే అని పెద్దల కార్మిక దినాన రోడ్డెక్కి చెప్పడం అది.

బువాకేలో

రెండు నెలల తర్వాత, 1994 జులైలో, కోత్ దివ్వార్ (ఐవరీ కోస్ట్) నడిబొడ్డున ఉన్న బువాకే పట్టణంలో నాలుగు దేశాల శ్రామిక బాలలు కలిశారు: సెనెగల్, మాలి, బుర్కినా ఫాసో, కోత్ దివ్వార్. ఇళ్లలో పనిచేసేవారు, షెడ్లలో పని నేర్చుకునేవారు, వీధుల్లో చిల్లర పనులు చేసుకునేవారు తమ ఇబ్బందులు చెప్పుకున్నారు. ఆ ఇబ్బందులను తిప్పి రాస్తే హక్కులయ్యాయి. అవి పన్నెండు: గౌరవం పొందే హక్కు, చదవడం రాయడం నేర్చుకునే హక్కు, మనసులో మాట చెప్పే, సంఘం పెట్టుకునే హక్కు (రెండూ కలిపి ఒకటే), వృత్తి శిక్షణ, ఆటలు, వైద్యం, తమ మాటను పెద్దలు చెవిన పెట్టడం, జబ్బు చేస్తే విశ్రాంతి, భద్రంగా పనిచేసుకోవడం, చిక్కులో పడితే సరైన న్యాయం, ఊళ్లోనే ఉండగలగడం, వయసుకు తగ్గ తేలికైన పరిమితమైన పని.

ఈ జాబితాను చట్టం చదివినవాడి కళ్లతో చూస్తే గజిబిజిగా ఉంటుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 54 అధికరణాలున్నాయి. 12వది పిల్లల మాట వినమంటుంది, 15వది సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఇస్తుంది, 32వది ఆర్థిక దోపిడీ నుంచి రక్షణ చెబుతుంది. బువాకే పిల్లల జాబితా ఆ క్రమంలో నడవదు. అది పనిపిల్ల రోజు ఎలా గడుస్తుందో ఆ క్రమంలో నడుస్తుంది. జబ్బు చేస్తే విశ్రాంతి అనేదాన్ని ఒక హక్కుగా విడిగా రాయాలని ఏ నిపుణుల కమిటీకీ తోచదు. జ్వరంతో అంట్లు తోమిన పిల్లకు తోస్తుంది. చిక్కులో పడితే న్యాయం అన్నదీ అంతే. ఇంట్లో గొలుసో, డబ్బో కనపడకపోతే మొదటి వేలు పనిపిల్ల వైపే చూపిస్తుంది. ఆమెకు పోలీసు స్టేషన్లో తోడుగా నిలబడే మనిషి ఉండడు.

పన్నెండింటిలో 'పనిచేసే హక్కు' అని నేరుగా ఎక్కడా లేదు. ఉన్నది తేలికైన పని, పరిమితమైన పని. విమర్శకులు ఈ తేడాను పట్టించుకోరు. మరోటి, ఊళ్లోనే ఉండే హక్కు. నగరానికి వచ్చి సంపాదిస్తున్న పిల్లలు, మేం ఇక్కడికి రావలసిన అవసరమే లేకుండా చేయండి అని అడిగారు. పన్నెండింటిలోనూ నాకు అన్నిటికన్నా పదునుగా కనిపించేది ఇదే. అది యజమానిని దాటి నేరుగా రాజ్యాన్ని, వేరుశనగ ధరను, ఊరి బావిని, ఊరి బడిని ప్రశ్నిస్తుంది.

సంఘం లోపల

అలా మొదలైనది 'శ్రామిక బాలల, యువజనుల ఆఫ్రికా ఉద్యమం'గా ఎదిగి 20కి పైగా దేశాలకు పాకింది. ఫ్రెంచి మాట్లాడే దేశాల్లో పుట్టినా, తర్వాత ఇంగ్లిషు, పోర్చుగీసు వాడే దేశాలకూ వెళ్లింది.

అట్టడుగున ఉండేది మూల బృందం. ఒకే పని చేసేవారో, ఒకే వాడ వారో, ఒకే బజారు వారో కలిసి పెట్టుకునేది. బజారులో మూటలు మోసే కుర్రాళ్లది ఒకటి, కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలది ఒకటి. ఒక పట్టణంలోని బృందాలన్నీ కలిస్తే పట్టణ సంఘం, వాటి మీద దేశ సమన్వయం, అక్కడి నుంచి ప్రతినిధులతో ఆఫ్రికా స్థాయి సమావేశాలు. పెద్దవాళ్లు ఉంటారు కానీ తోడు నడిచే కార్యకర్తలుగానే. నాయకులను ఎన్నుకునేది పిల్లలు. కాగితం మీద ఇలాంటి నిర్మాణాలు మనమూ చాలా గీశాం. ఇక్కడ తేడా మూల బృందం చేసే పనుల్లో ఉంది. సభ్యులు తలా కొంత వేసి పొదుపు చేస్తారు. సబ్బులు చేసి, బట్టలకు రంగులద్ది అమ్మి బృందానికి కొంత ఆదాయం తెచ్చుకుంటారు. సాయంత్రం చదువు నడుపుతారు. దగ్గరలోని ఆరోగ్య కేంద్రంతో మాట్లాడి సభ్యులకు తక్కువ రుసుముతో వైద్యం అందేలా చూస్తారు. జనన ధ్రువపత్రం లేని పిల్లలకు అది తెప్పించే పని కూడా చాలా చోట్ల ఈ బృందాలే తలకెత్తుకున్నాయి. చాలా ఆఫ్రికా దేశాల్లో ఆ కాగితం లేనిదే ప్రాథమిక బడి చివరి పరీక్షకు కూర్చోనివ్వరు కనుక ఇది చిన్న విషయం కాదు.

పన్నెండు హక్కులను వీరు గోడకు తగిలించుకునే పటంలా వాడలేదు. కొలబద్దగా వాడారు. పట్టణ సంఘాలు ఒక్కో హక్కునూ ముందు పెట్టుకుని, ఇది మన ఊళ్లో కదిలిందా, కదిలితే ఎవరికి కదిలింది, దేనివల్ల కదిలింది అని సభ్యుల మధ్య తేల్చుకుంటాయి. ఇలా కూర్చున్నప్పుడు ఒక తేడా దానంతటదే బయటపడుతుంది. అక్షరాలు, ఆట, సంఘం, మాట్లాడే ధైర్యం: ఇవి సంఘం చేతిలో ఉన్నవి, త్వరగా కదులుతాయి. విశ్రాంతి, గౌరవం యజమాని చేతిలో ఉన్నవి, బేరంతో కొంత కదులుతాయి. న్యాయం, ఊళ్లో బతుకు సర్కారు చేతిలో ఉన్నవి. అవి ఏళ్లు గడిచినా అంగుళం కదలవు. మన ప్రాజెక్టు నివేదికల్లో 'లబ్ధిదారుల సంఖ్య' అనే గడిలో ఈ మూడూ కలిసిపోయి కనిపిస్తాయి. పిల్లల లెక్కలో విడివిడిగా కనిపిస్తాయి. మూల్యాంకనం చేసే వృత్తిలో ఉన్నవారు ఈ పద్ధతిని తెచ్చుకోవచ్చు, ఖర్చు కూడా లేదు.

కుందాపుర నుంచి జెనీవాకు

ఈ పిల్లలు ప్రపంచ వేదిక ఎక్కింది మన పొరుగునే. 1996 నవంబరు, డిసెంబరు నెలల్లో కర్ణాటక తీరంలోని కుందాపురలో 33 దేశాల శ్రామిక బాలల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆతిథ్యం ఇచ్చింది 1990లో పుట్టిన భీమ సంఘ, అది కర్ణాటకలోని పనిచేసే పిల్లల సంఘం. లాటిన్ అమెరికా నుంచి వచ్చినవారి వెనుక 1976లో పెరూలో మొదలైన ఉద్యమ అనుభవం ఉంది. ఆఫ్రికా పిల్లల వెనుక బువాకే ఉంది.

అక్కడ చేసిన పది అంశాల ప్రకటనలో ఒకటి, పిల్లలు చేసిన వస్తువులను బహిష్కరించవద్దన్నది. చాలామందికి ఇది వింతగా తోస్తుంది. దాని వెనుక బంగ్లాదేశ్ అనుభవం ఉంది. పిల్లల శ్రమతో తయారైన సరుకు దిగుమతిని నిషేధించాలని అమెరికాలో హార్కిన్ బిల్లు ముందుకు రాగానే ఢాకా దుస్తుల ఫ్యాక్టరీలు వేలాది పిల్లలను రాత్రికి రాత్రి బయటికి పంపాయి. వారిలో చాలామంది బడికి వెళ్లలేదు, రాళ్లు కొట్టే పనిలాంటి మరింత అధ్వానమైన పనుల్లోకి జారారు. ప్రకటనలోని మిగతా అంశాలు మనకు కొత్తవి కావు: తమకు సంబంధించిన నిర్ణయాల్లో తమను సంప్రదించాలి, తమ పరిస్థితికి తగిన చదువు కావాలి, మూల కారణమైన పేదరికాన్ని ఎదుర్కోవాలి, వలస తప్పేలా పల్లెల్లో పనులు పెరగాలి.

1998 మార్చిలో మూడు ఖండాల ఉద్యమాలూ డాకర్‌లో మళ్లీ కలిశాయి. అప్పటికి అంతర్జాతీయ కార్మిక సంస్థ కొత్త ఒప్పందాన్ని తయారుచేస్తోంది. డాకర్ ప్రకటన ఒక గీత గట్టిగా గీసింది. వ్యభిచారం, బానిసత్వం, మాదకద్రవ్యాల రవాణా నేరాలు, వాటిని పని అనకండి, నేరాన్నీ పనినీ కలిపి ఒకే మాటతో చెప్పకండి అంది. పిల్లలు చేసే పని వయసు లెక్కతో కాక వారి సామర్థ్యాన్ని బట్టి ఉండాలంది. లోకంలోని పిల్లలందరికీ ఏదో ఒక రోజు పని చేయడమా, మానడమా అని ఎంచుకునే హక్కు రావాలని కోరింది.

1999 జూన్‌లో జెనీవాలో 182వ ఒప్పందం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అత్యంత హీనమైన బాలకార్మిక రూపాలను తక్షణం తొలగించాలన్నది దాని సారం. పైకి చూస్తే పిల్లలు గీసిన గీతకు ఇది దగ్గరగానే ఉంది. అయితే అందులో బానిసత్వం, వ్యభిచారం లాంటివి 'బాలకార్మిక రూపాలు'గానే చోటు చేసుకున్నాయి. అంతకంటే ముఖ్యంగా, ఆ సంస్థ సభలో ఓటుండేది ప్రభుత్వాలకు, యజమానులకు, పెద్దల కార్మిక సంఘాలకు. పనిచేసే పిల్లలకు నాలుగో కుర్చీ వేసే నియమం అక్కడ లేదు. పెద్దల సంఘాల భయం కూడా అర్థం చేసుకోదగ్గదే: తక్కువ కూలికి పిల్లలు దొరుకుతుంటే పెద్దవాడి కూలి పెరగదు. కూలి అడ్డాలో నిలబడ్డ తండ్రిని అడిగితే ఇదే చెబుతాడు.

వలస మీద మాట మారిన తీరు

ఉద్యమం ప్రభావం బాగా కనిపించేది వలస విషయంలో. 2000 తర్వాత పశ్చిమ ఆఫ్రికాలో పిల్లల అక్రమ రవాణా మీద దాతల దృష్టి పడింది. సరిహద్దుల్లో నిఘా కమిటీలు, పట్టుకుని ఇంటికి తిప్పి పంపడాలు పెరిగాయి. పంపిన పిల్లలు చాలామంది మళ్లీ బయల్దేరారు. ఈసారి రాత్రిపూట, కొత్త దారుల్లో, మరింత ప్రమాదంగా. బస్టాండులో పట్టుకున్న పిల్లను ఊరికి చేర్చి ఫొటో తీసుకోవడంతో కథ ముగియదని మన పత్తి విత్తనాల చేల అనుభవం కూడా చెబుతుంది. తండ్రి తీసుకున్న అడ్వాన్సు తీరనంతకాలం కర్నూలు వైపు వెళ్లే పిల్ల మళ్లీ వెళ్లేది.

ఊళ్లోనే ఉండే హక్కును తామే రాసుకున్న సంఘాలకు ఇందులో చెప్పడానికి సరుకుంది. ఏ పిల్లా ఒంటరిగా కదలదు, దారి పొడుగునా ఎవరో అత్త, ఎవరో అన్న, ఎవరో ఊరివాడు ఉంటారు, వారిలో కాపాడేవారూ ఉంటారు, అమ్మేవారూ ఉంటారు. పిల్లను ఆపడం ఒక్కటే రక్షణ కాదు, దారిలో ఎక్కడెక్కడ ఎవరు అండగా నిలబడతారో చూసుకోవడమూ రక్షణే. యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంతర్జాతీయ వలస సంస్థ, సేవ్ ద చిల్డ్రన్, ప్లాన్, తెర్ దెజోమ్ లాంటి సంస్థలు కలిసి పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో పిల్లల కదలికల మీద నడిపిన ఉమ్మడి వేదికలో ఈ ఉద్యమం కూడా భాగస్వామి. 2011 నాటికి ఆ వేదిక ఉమ్మడిగా తేల్చిన మాటల్లో పిల్లల వాదన స్పష్టంగా వినిపిస్తుంది. అంత పెద్ద సంస్థల సరసన పనిపిల్లల సంఘం పేరు ఉండటం మన దగ్గర ఊహించలేం.

నాకు మింగుడుపడనివి

మొదటిది చదువు. పన్నెండు హక్కుల్లో ఉన్నది చదవడం, రాయడం నేర్చుకునే హక్కు. పగటిపూట పూర్తికాలపు బడి హక్కు కాదు. సంస్కరణల పేరుతో ప్రభుత్వాలు బడి ఖర్చు కోసేస్తున్న 1994లో, ఊళ్లో బడే లేని సెరేర్ పిల్లకు అది వాస్తవమైన కోరికే. కానీ చేతికందేదే అడిగితే, ఇచ్చేవాడు అక్కడే ఆగిపోతాడు. మన దగ్గర పేద తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపరనే వాదం తప్పని వేల కుటుంబాలు రుజువు చేశాయి. బడి అందుబాటులో ఉండి, దాన్ని నడపమని సర్కారు మెడ మీద కూర్చునే వీలున్న చోట, సాయంత్రం చదువుతో సరిపెట్టుకోవడాన్ని నేను ఒప్పుకోను.

రెండోది, సంఘంలోకి రాలేనివారు. ఎంబిందాన్‌లలో గది ఉన్నవారు, వారానికొక పూట బయటపడగలిగేవారు సభ్యులవుతారు. యజమాని ఇంట్లోనే పడుకుని తలుపు దాటని పిల్లకు ఈ సంఘం దూరం. అత్యంత అణగారిన పిల్లలు ఏ సంఘంలోనైనా చివర చేరేవారే, కానీ వారి పేరు మీద మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. మూడోది భాష, వయసు. దేశాలు దాటిన సమావేశాలు ఫ్రెంచిలోనో, ఇంగ్లిషులోనో నడుస్తాయి. కాస్త చదువుకుని ఆ భాష పట్టుకున్నవారే ప్రతినిధులవుతారు, 18 దాటినా కుర్చీ వదలడం కష్టమవుతుంది. 'యువజనుల' అని పేరులో కలుపుకోవడం ఈ చిక్కుకు ఒక గౌరవప్రదమైన దారి. నాలుగోది డబ్బు: సబ్బుల ఆదాయం మూల బృందానికి చాలుతుంది, ఖండం దాటే విమానానికి చాలదు. అక్కడ దాతలే దిక్కు.

మొత్తం పటం మీద ఈ సంఘాలు ఎంత? అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచంలో 16 కోట్ల బాలకార్మికులు ఉండగా 2024 నాటికి ఆ సంఖ్య 13.8 కోట్లకు తగ్గింది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో మాత్రం దాదాపు 8.7 కోట్ల దగ్గరే నిలిచిపోయింది. అంటే ప్రపంచపు బాలకార్మికుల్లో మూడింట రెండు వంతుల మంది అక్కడే. ఈ అంకెను తగ్గించలేదని పిల్లల సంఘాలను తప్పుపట్టడం అన్యాయం. నిషేధ చట్టాలూ, ఒప్పందాలూ కూడా తగ్గించలేదు కదా.

మన దగ్గర ఏం చేయవచ్చు

14 ఏళ్ల లోపు పిల్లల విషయంలో నా వాదం మారలేదు, వారి చోటు బడి. నన్ను ఈ కేసు ఆలోచింపజేసింది 14 నుంచి 18 మధ్య వారి గురించి. 2016 సవరణ తర్వాత మన చట్టం ఆ వయసు వారిని ప్రమాదకరం కాని పనుల్లో అనుమతిస్తుంది. అనుమతించి చేతులు దులుపుకుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో రోజంతా ఉండి పనిచేసే పదిహేను, పదహారేళ్ల అమ్మాయికి జీతం, సెలవు, జబ్బు, నిందల విషయంలో అడిగే దిక్కులేదు. బాలల హక్కుల పరిరక్షణ వేదికల్లో టీచర్లు, సర్పంచులు, యువకులు కూర్చుంటారు. ఆ అమ్మాయికి కుర్చీ లేదు.

డాకర్ పద్ధతి ప్రకారం మొదలుపెట్టవలసింది ఆమె యజమాని ఇంటి దగ్గర కాదు, ఆమె ఊరి వారి దగ్గర. ఒకే మండలం నుంచి వచ్చిన అమ్మాయిలు నగరంలో ఎక్కడ కలుస్తారు, ఆదివారం ఏ చర్చి దగ్గర, ఏ గుడి దగ్గర, ఏ బంధువుల గదిలో? ఆ చోటు కనిపెట్టాక పొదుపు, చదువు, ఓపెన్ స్కూల్ పరీక్ష రుసుము. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది కనుక పొదుపు వారి పేరు మీదే ఉండవచ్చు. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం, 2025లో దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చేదాకా, 15 ఏళ్లు నిండినవారిని సభ్యులుగా చేర్చుకోనిచ్చింది, పదవుల్లోకి మాత్రం 18 నిండాలంది. ఆ లెక్కన నగరంలోని ఇంటిపని వారి సంఘం ఏదైనా ఈ అమ్మాయిలను సభ్యులుగా తీసుకుంటే వారికి చందా రసీదు ఉంటుంది, సభలో కూర్చునే హక్కు ఉంటుంది, వేదిక మీద పేరు ఉండదు. బువాకే పిల్లలు పదమూడో హక్కు రాసి ఉంటే అది దీని గురించే అయ్యేదేమో. ప్రస్తుతానికి నేను మాట్లాడుతున్నది అలాంటి ఒక పెద్దల సంఘంతో, వారి మొదటి అభ్యంతరం కూలి పడిపోతుందన్నదే.